మోసుకొచ్చినవాడి గుండె

పేరు కాని పేరు

నా వృత్తి జీవితంలో నాకు అన్నిటికంటె ఎక్కువ కోపం తెప్పించిన మాట "గుండె జబ్బు". దాన్ని జబ్బు పేరనుకుంటారు గాని అది పేరు కాదు. ఫలానావారి ఇల్లెక్కడని అడిగినవాడికి "కృష్ణా జిల్లాలో" అని చెప్పి తలుపు వేసుకోవడం ఎలాంటిదో, రోగికి "నీకు గుండె జబ్బు" అని చెప్పి పంపేయడం అలాంటిది. ఆ మాట విన్న కుటుంబం మిగతాదంతా తానే ఊహించుకుంటుంది. ఆ ఊహ నేరుగా చావు దగ్గరికి పోయి ఆగుతుంది.

యాభైలలో నందిగామలో ఒక ధర్మాసుపత్రి ఉండేది. ఇప్పుడు లేదు. చదువు ముగించి లేడీ డాక్టరుగా అక్కడ చేరాను. కొన్నేళ్ళ తరువాత జగ్గయ్యపేటలో సొంతంగా వైద్యం మొదలుపెట్టి, చేతులు వణకడం మొదలయ్యేదాకా అక్కడే ఉన్నాను. ఈ వృత్తిలోకి కొత్తగా వచ్చే పిల్లలకు నాకు దక్కిన గౌరవాలూ, దక్కనివీ చెప్పి లాభం లేదు. నా అలవాటు ఒకటి చెబుతాను. గుండె రోగి వచ్చిన ప్రతిసారీ ఒక ఛాతీ బొమ్మ గీసి, గుండె కొట్టుకోవడం వేలికి ఎక్కడ తగిలిందో అక్కడ ఒక చుక్క, చప్పుడు ఎక్కడినుంచి ఎక్కడిదాకా వినిపించిందో అంతదూరం ఒక గీత పెట్టేదాన్ని. తేదీ వేసేదాన్ని. మా ఆసుపత్రిలో దీన్ని చూసి నవ్వేవారు. "అమ్మగారు ముగ్గులేస్తున్నారు" అని కాంపౌండరు కూడా అనేవాడు. ఆ ముగ్గులే ముందు పెట్టుకుని ఇప్పుడు రాస్తున్నాను.

వాటిలో రెండు బొమ్మలు ఒకే ఇంటివి, ఒక మేనమామవీ మేనకోడలివీ. ఇద్దరి గుండెల్లోనూ కవాటం కారుతూ ఉండేది. ఇద్దరి గతీ ఒకటి కాలేదు. ఎందుకు కాలేదో మీకు తెలిస్తే నేను రాసినందుకు ఫలం దక్కినట్టే.

చేతుల మీద వచ్చిన పిల్ల

ఒక ఉదయం ఆసుపత్రి వరండాలో గలభా వినబడి బయటికి వచ్చాను. క్యూలో ఉన్నవారంతా పక్కకు జరిగి దారి ఇస్తున్నారు. యాభైకి దగ్గరపడుతున్న ఒక నిలువెత్తు మనిషి, పద్దెనిమిదేళ్ళ ఆడపిల్లను పసిబిడ్డను ఎత్తుకున్నట్టు రెండు చేతుల మీద మోసుకుని వస్తున్నాడు. బస్సు దిగిన చోటినుంచి అలాగే తెచ్చాడట. ఆ పిల్ల పైట చెంగుతో ముఖం కప్పుకుంది. రోగం ముదిరి కప్పుకుందనుకున్నాను. సిగ్గుతో కప్పుకుందని తరువాత తెలిసింది.

"దించండి," అన్నాను.

"నడిస్తే ఆయాసపడుద్దండీ."

"ఎప్పుడైనా పడిందా?"

"పడనిస్తామా అండీ?"

చెంగు కిందినుంచి గొంతు వచ్చింది. "నడవనిస్తే గదండీ తెలిసేది!"

"నువ్వూరుకోవే. డాక్టరమ్మగారు నన్నడుగుతున్నారు," అన్నాడాయన.

ఆయన పేరు పిచ్చయ్య. చందర్లపాడులో మిరపా పత్తీ పండించే పెద్ద రైతు. పిల్ల పేరు రాజ్యం, ఆయన చెల్లెలి కూతురు. తండ్రి చిన్నప్పుడే పోవడంతో తల్లీ కూతుళ్ళు ఆయన ఇంట్లోనే ఉంటున్నారు. పన్నెండో ఏట రాజ్యానికి కీళ్ళ జ్వరం వచ్చింది. మోకాలు వాచి తగ్గింది, మణికట్టు వాచి తగ్గింది, నొప్పి ఒక కీలునుంచి ఇంకో కీలుకు తిరిగింది. అప్పుడు మా ఆసుపత్రి పెద్ద డాక్టరుగారే చూశారు. జ్వరం దిగాక గొట్టం పెట్టి విని, "గుండె జబ్బు. పూర్తి విశ్రాంతి" అని చీటీ మీద రాసి ఇచ్చారు. ఎన్నాళ్ళో రాయలేదు.

పిచ్చయ్యగారు డాక్టరు మాట జవదాటని మనిషి. ఆరేళ్ళుగా పిల్ల కాలు నేల మీద మోపనివ్వలేదు. బడి మాన్పించారు. మంచం పక్కకే నీళ్ళు, మంచం పక్కకే అన్నం. ఆమె ఆ మంచం మీదే చదువుకుని మెట్రిక్కు ప్రైవేటుగా రాస్తానంటే, పరీక్ష హాల్లోకి కూడా ఆయనే ఎత్తుకుపోయి బల్ల ముందు కూర్చోబెట్టి, గంట కొట్టేదాకా బయట ఎండలో నిలబడ్డారట. పాసయింది. ఇప్పుడు బెజవాడలో టీచరు ట్రైనింగులో చేరతానంటోంది. చేరాలంటే డాక్టరు ధ్రువపత్రం కావాలి.

"ఇవ్వనని మీరొక్క మాట చెప్పండమ్మగారూ, పిల్ల ఊరుకుంటది," అన్నారు పిచ్చయ్యగారు నా గదిలో అడుగు పెడుతూనే. "నా మాట వినట్లా. అందుకే తీసుకొచ్చా."

అందరూ పత్రం కోసం వస్తారు. ఆయన తిరస్కారం కోసం వచ్చారు.

ఆయన్ను బయట కూర్చోబెట్టి, తెర లాగి, రాజ్యాన్ని రవికె విప్పమన్నాను. ఆ పిల్ల వింతగా చూసింది. "అప్పుడు పెద్ద డాక్టరుగారు విప్పమన్లేదండీ. ఓణీ మీదే విన్నారు. గొట్టం కూడా మా అమ్మే పట్టుకుంది."

ఎడమ రొమ్ము కింద అరచెయ్యి ఆనించాను. గుండె కొన ఉండవలసిన చోటే ఉంది. మెడ కింద ఎడమవైపు అడ్డంగా ఉండే ఎముక నడిమినుంచి కిందికి నిలువు గీత గీస్తే ఆ గీతకు లోపలే, నెమ్మదిగా చేతికి తగిలింది. అంటే గుండె పెరగలేదు. గొట్టం పెడితే మాత్రం చప్పుడు గట్టిగానే ఉంది, కొలిమితిత్తి ఊదినట్టు, చంక దాకా. నాడి మామూలు. మెడలో సిరలు ఉబ్బలేదు. పాదాలు వాయలేదు.

తరువాత ఆమెను వరండా పొడవునా నడిపించాను. డాబా మెట్లు ఎక్కించాను. కింద పిచ్చయ్యగారు "అమ్మగారూ, పిల్ల పోద్దండీ! దించండమ్మగారూ!" అని కేకలు పెడుతున్నారు. రాజ్యం పిట్టగోడ పట్టుకుని వగర్చింది. ఆ వగర్పు గుండెనుంచి వచ్చింది కాదు, ఆరేళ్ళు వాడక పుల్లల్లా అయిపోయిన కాళ్ళనుంచి వచ్చింది. కాసేపటికే తగ్గింది. ఆమె మునేరు వైపు పొలాలు చూస్తూ, "ఇక్కణ్ణుంచి ఇంత దూరం కనబడుద్దాండీ!" అంది. ఆ మాట కూడా ఆనాటి బొమ్మ కింద రాసి పెట్టుకున్నాను.

చప్పుడు వేరు, చిల్లు వేరు

గుండెలో గది నుంచి గదికి ఉండే తలుపులే కవాటాలు. తలుపు సరిగా తెరుచుకోకపోవడం ఒక జబ్బు, సరిగా మూసుకోకపోవడం వేరే జబ్బు. నేను చెబుతున్నది రెండోదాని గురించి. మూసుకోని తలుపు సందులోంచి రక్తం వెనక్కి కారుతుంది. ముందుకు పోవలసిన రక్తం వెనక్కి పోతే, గుండె ఆ లోటు తీర్చడానికి ఎక్కువ పని చేస్తుంది. అది ఎంత ఎక్కువ, ఎన్నేళ్ళు చేయగలదు అనేవి ఏ తలుపు కారుతోంది, ఎంత కారుతోంది అన్నదాన్ని బట్టి ఉంటాయి.

రాజ్యానిది మైట్రల్ కవాటం, గుండె ఎడమ వైపున పై గదికీ కింద గదికీ నడుమ ఉండే తలుపు. కీళ్ళ జ్వరం ముందుగా కరిచేది దీన్నే. చిన్న సందు అయితే మనిషికి దాని సంగతే తెలియదు. పెరిగిన గుండె, ఆయాసం, తడబడే నాడి లేనంతకాలం అలాంటివారు పెళ్ళీ పిల్లలూ ఉద్యోగమూ అన్నీ చేసుకుని, వార్ధక్యం దాకా నడుస్తారు. ఒకే షరతు: కీళ్ళ జ్వరం మళ్ళీ రాకూడదు. వచ్చిన ప్రతిసారీ సందు పెద్దదవుతుంది. సందు పెద్దదయినవారికి పై గది ఉబ్బి, ఊపిరితిత్తుల్లో నీరు నిలిచి, మెట్టు ఎక్కడమే గగనమవుతుంది. నా బొమ్మల్లో అలాంటి పిల్లలు చాలామందే ఉన్నారు. వాళ్ళ పేర్లు ఇక్కడ రాయను.

ఇప్పుడు ముఖ్యమైన మాట. చప్పుడు గట్టిగా ఉన్నంత మాత్రాన జబ్బు గట్టిది కాదు. ఇరుకు సందులోంచి గాలి ఈల వేస్తుంది, బార్లా తెరిచిన తలుపులోంచి నిశ్శబ్దంగా పోతుంది. చప్పుడు విని భయపడి చీటీ రాసే డాక్టరు చెవితో ఆగిపోయాడన్నమాట. చెయ్యి పెట్టాలి, కన్ను పెట్టాలి, మనిషిని నడిపించాలి.

ముట్టుకోని మర్యాద

మా ఆసుపత్రిలో ధ్రువపత్రాలన్నీ పెద్ద డాక్టరుగారి సంతకంతో వెళ్ళవలసిందే. ఆయన నిజాయితీపరుడు. రోగి ఇంటి నుంచి కాయో పండో తెచ్చినా ముట్టుకునేవారు కాదు. తెల్లారకముందే వార్డులో ఉండేవారు. కలరా రోజుల్లో ఆయన నిద్ర పోగా చూసినవారు లేరు. అందువల్లనే ఆయనతో పోట్లాడటం కష్టమయింది. చెడ్డవాడితో వాదించడం ఎంతో సులువు.

రాజ్యం సంగతి చెప్పగానే ఆయన తల అడ్డంగా ఊపారు. "ఆ పిల్లకు ఆనాడే విన్నానమ్మా. గుండెంతా మోగిపోతోంది."

"ఎక్కడ విన్నారండీ?"

"ఎక్కడేమిటి? ఛాతీ మీద."

"రొమ్ము కింద చెయ్యి పెట్టి చూశారా?"

ఆయన ముఖం ఎర్రబడింది. "నేను ముప్పయ్యేళ్ళుగా వైద్యం చేస్తున్నా. పరాయి ఆడపిల్ల ఒంటి మీద ఏనాడూ చెయ్యి వెయ్యలా. ఈ ప్రాంతంలో ఆడవాళ్ళు మన ఆసుపత్రికి వస్తున్నారంటే ఆ నమ్మకంతోనే వస్తున్నారు."

"నిజమేనండీ. ఆ నమ్మకమే ఈ పిల్లని ఆరేళ్ళు మంచాన పడుకోబెట్టింది."

చివరికి ఆయన, పిల్లను బెజవాడ పంపి ఎక్స్‌రే తీయించుకు రమ్మన్నారు. తీయించుకువచ్చారు. వచ్చేటప్పుడు రాజ్యం నడిచే వచ్చింది. పిచ్చయ్యగారు ఆమె పక్కనే, రెండు చేతులూ చాపి, ఎక్కడ పడిపోతుందోనని అడుగడుక్కీ పట్టుకోబోతూ వచ్చారు. కల్లు తాగినవాణ్ణి ఇంటికి చేరుస్తున్నట్టుందని నర్సులు నవ్వారు. ఫిల్ములో గుండె నీడ మామూలు పరిమాణంలోనే ఉంది.

"నీడ సరే. చప్పుడు పోలేదుగా," అన్నారు పెద్ద డాక్టరుగారు. "సంతకం నువ్వే పెట్టు. రేపు ఆ పిల్ల క్లాసులో కూలిపోతే మాత్రం నన్ను పిలవకు."

పెట్టాను. "ఆరోగ్యవంతురాలు" అని రాయలేదు. అబద్ధం రాసి మేలు చేయడం నాకు ఇష్టం లేదు. మైట్రల్ కవాటంలో స్వల్పంగా లీకు ఉంది, గుండె పెరగలేదు, బోధన పనికి ఇది అడ్డం కాదు, కీళ్ళ జ్వరం మళ్ళీ రాకుండా మందు వాడుతూ ఉండాలి అని రాశాను. ట్రైనింగు స్కూలువారు ఒకసారి మళ్ళీ అడిగి, చేర్చుకున్నారు.

ఆడవారి ఒంటిని చూడకపోవడం మన ప్రాంతంలో గౌరవమని చెల్లింది. నేను దాన్ని గౌరవం అనను. ఆడమనిషిని సగమే పరీక్షించి పూర్తి తీర్పు చెప్పడానికి ఒక మర్యాదైన పేరు పెట్టుకున్నాం, అంతే. చూడలేకపోతే చూడలేదని చీటీ మీద రాయండి. చూడగలిగినవారి దగ్గరికి పంపండి.

చొక్కా గుండీ

ఎక్స్‌రే తెచ్చిన రోజునే నేను పిచ్చయ్యగారిని సరిగా చూశాను. అంతకుముందు ఆయన కేకలే విన్నాను. ఆ రోజు నా ఎదుట బల్ల మీద మౌనంగా కూర్చున్నారు. మౌనంగా ఉన్నా తల చిన్నగా ఊగుతోంది, లోపలినుంచి ఎవరో తడుతున్నట్టు. మెడకు రెండు వైపులా ధమనులు చొక్కా కాలరు అంచును ఎగరవేస్తున్నాయి. ఊళ్ళో దానికి మంచి పేరు వచ్చింది. "ఆ మెడ చూడండి, మా అన్నయ్యది ఎద్దు గుండె" అని రాజ్యం తల్లి మురిసిపోతూ చెప్పేది. మిరపకాయ బస్తాలు బండి మీదికి ఆయన ఒక్కడే ఎత్తేవాడట.

"మీ చెయ్యి ఇవ్వండి," అన్నాను.

చెయ్యి పైకెత్తి పట్టుకుంటే నాడి నా వేళ్ళకు దెబ్బలా తగిలి, మరుక్షణం జారిపోయింది. గోటి కొనను కాస్త నొక్కితే ఎరుపూ తెలుపూ ఒకదాని వెంట ఒకటి పరుగెత్తాయి. చొక్కా చెయ్యి పైకి మడిచి రక్తపోటు చూస్తే, పై అంకె మరీ ఎక్కువ, కింది అంకె మరీ తక్కువ. తల ఊగేది నాడితో సమంగా. మళ్ళీ చూశాను, అంతే.

"చిన్నప్పుడు మీకూ కీళ్ళ జ్వరం వచ్చిందా?"

"మా ఇంట్లో ఎవరికి రాలేదు లెండి! నాకూ మా తమ్ముడికీ ఒకేసారి వచ్చింది. వాడు పోయాడు." ఆయన గొంతు తగ్గింది. "వాడికీ గుండె జబ్బే అన్నారు. పొలంలో నాతో పరుగుపందెం వేసుకుని వచ్చి, గడపలో కూలబడ్డాడండీ. అందుకే దీన్ని దించనిది."

ఆరేళ్ళుగా ఆయన ఎవరిని మోస్తున్నారో నాకు అప్పుడు అర్థమయింది. నా కోపం కొంత దిగింది.

"పిచ్చయ్యగారూ, మీ మోట బొక్కెనకు చిన్న చిల్లు పడితే ఎద్దుకు తెలుస్తుందా?"

"తెలీదండీ. ఎట్టా తెలుస్తది?"

"రాజ్యానిది అంతే. పెద్ద చిల్లు పడితే?"

"నీళ్ళు సగం బావిలోకే పోతాయి. ఎద్దు ఎక్కువ తిప్పలు పడాలి."

"ఎద్దు బలమైనదయితే?"

"పడద్ది, కొన్నాళ్ళు. పైకి తెలవదు."

"ఆ ఎద్దు మీరు. చొక్కా విప్పండి, వింటాను."

ఆయన రెండు చేతులూ గుండీల మీద పెట్టుకున్నారు, విప్పడానికి కాదు. "ఆడ డాక్టరు ముందరాండీ? ఊళ్ళో నవ్వుతారు."

"పొలంలో చొక్కా లేకుండానే తిరుగుతారుగా?"

"పొలం వేరండీ."

రాజ్యం పకపకా నవ్వింది. "నాకేమో మగ డాక్టరు, నీకేమో ఆడ డాక్టరు. మనింటికి సరిపడ్డ డాక్టరు ఇంకా పుట్టలేదు మామయ్యా."

"పోనీ పక్క గదిలో పెద్ద డాక్టరుగారున్నారు. ఆయనకు చూపించుకోండి," అన్నాను.

"ఆయన రోగమన్నది మీరు కాదన్నారు. ఇప్పుడు మీరు రోగమన్నది ఆయన కాదంటారు. మీ ఇద్దరి మధ్యన నన్నెందుకండీ నలపటం?" అని లేచారు. పోట్లాట గోడ అవతలికి వినబడిందన్నమాట. డాక్టర్లు ఒకరినొకరు తప్పు పట్టుకోవాలి, తప్పదు. రోగికి వినబడేలా పట్టుకుంటే రోగి ఇద్దరినీ వదిలేస్తాడు.

"రాజ్యాన్ని ట్రైనింగుకి పంపుతారా?" అన్నాను వెనకనుంచి.

"పంపను."

"మామయ్య నోరు వద్దంటోంది, తల ఊఁ అంటోంది," అంది రాజ్యం. "నేను తల మాటే వింటానండీ."

ఆ పిల్లకు అది వేళాకోళం. నాకు నవ్వు రాలేదు. చివరికి రాజ్యం తల్లి అన్నం మానేస్తే ఆయన దిగివచ్చారు. హాస్టలు గది మేడ మీద ఇవ్వకూడదని స్కూలువారితో గొడవపడి, కింది గది ఇప్పించి మరీ వచ్చారు.

నెలకో సూది

కాలం మారింది. నేను జగ్గయ్యపేట వచ్చాను. రాజ్యం ట్రైనింగు ముగించి, చిల్లకల్లు బడిలో టీచరయింది. కీళ్ళ జ్వరం మళ్ళీ రాకుండా మొదట్లో రోజూ సల్ఫా మాత్ర వేసుకునేది. తరువాత నెలకోసారి చేసే పెన్సిలిన్ సూది మా ఊళ్ళకూ వచ్చింది. నెలనెలా హైదరాబాదు రోడ్డు మీద బస్సెక్కి వచ్చి, నా దగ్గర ఆ సూది చేయించుకునేది. చాలా నొప్పి పెట్టే సూది అది.

"ఎక్కాలు తప్పితే నేను పిల్లల్ని కొట్టనండీ," అనేది బల్ల మీదినుంచి కుంటుతూ దిగి. "నెలకోసారి మీరు నన్ను శిక్షిస్తుంటే నాకు వాళ్ళ బాధ తెలుస్తోంది."

ఆ సూది కవాటాన్ని బాగు చేయదు. ఉన్న సందును అక్కడే ఆపుతుంది. ఈ మాట తల్లిదండ్రులకు ఓపికగా చెప్పకపోతే, పిల్ల బాగానే ఉందిగా అని మూడో నెలకే మానేస్తారు. మానేసినవారిని వెతుక్కుంటూ మనిషిని పంపిన డాక్టరుకే ఫలితం దక్కుతుంది. కూర్చుని ఎదురుచూసినవాడికి దక్కదు. పన్ను పీకించుకునేటప్పుడు కూడా పెన్సిలిన్ అడ్డు పెట్టాలి. లేకపోతే నోటి క్రిమి రక్తంలో చేరి, లోపమున్న కవాటం మీద గూడు కట్టి, దాన్ని చింపేస్తుంది. ఏళ్ళమీద మెల్లగా పెరిగిన లీకును గుండె ఓర్చుకుంటుంది. ఒక వారంలో చిరిగిన కవాటాన్ని ఓర్చుకోలేదు. ఆ రకానికి మా కాలంలో మేము చేయగలిగింది చాలా తక్కువ.

భార్యకూ అంటుకునే సవాయి వ్యాధి (సిఫిలిస్) వల్ల, గుండెనుంచి బయలుదేరే పెద్ద ధమని తలుపు కారే మగవారూ వచ్చేవారు. వాళ్ళ గురించి ఒక్కటే చెబుతాను: భర్తకు మందిచ్చి, భార్యను పిలిపించకుండా వదిలేసిన డాక్టర్లను నేను క్షమించలేదు. వారు దానికీ మర్యాద అనే పేరు పెట్టారు.

రాజ్యానికి తోటి టీచరుతో పెళ్ళి కుదిరింది. పెళ్ళికి ముందు అతన్ని నా దగ్గరికి తీసుకువచ్చి, "ఈయనకు నా జబ్బు పేరుతో సహా చెప్పండమ్మా. ఉత్త గుండె జబ్బని చెప్పొద్దు," అంది. చెప్పాను. బొమ్మ గీసి, నిలువు గీతకు లోపలే ఉన్న చుక్కను చూపించాను. కవాటం ఇరుకైతే కాన్పు ప్రమాదమనీ, ఈమెలాంటి స్వల్ప లీకుకు అంత భయం లేదనీ, అయినా నా కళ్ళ ముందే కనాలనీ చెప్పాను. అతను బొమ్మను అటూ ఇటూ తిప్పి చూసి, "చుక్క గీత దాటనంతకాలం ఫరవాలేదన్నమాట," అన్నాడు. ఎంతోమంది వైద్య విద్యార్థుల కంటె త్వరగా గ్రహించాడు. ఇద్దరు పిల్లలనూ జగ్గయ్యపేటలో నా చేతుల్లోనే కన్నది. చుక్క గీత దాటలేదు.

పిచ్చయ్యగారు ఈ ఏళ్ళన్నిటిలోనూ బస్తాలు ఎత్తుతూనే ఉన్నారు. మేనకోడల్ని చూడడానికి చిల్లకల్లు వచ్చినప్పుడల్లా, జగ్గయ్యపేట కూడా వచ్చి, మా గుమ్మంలో నిలబడి "బాగున్నారా అమ్మగారూ?" అని పలకరించి, నేను గొట్టం తీసేలోగా వెళ్ళిపోయేవారు.

మెట్ల దగ్గర

అరవైలు సగం గడిచాక ఒక సాయంత్రం నా ఆసుపత్రి ముందు రిక్షా ఆగింది. ముందు రాజ్యం దిగింది. తరువాత పిచ్చయ్యగారి చెయ్యి తన భుజం మీద వేసుకుని, నడుము చుట్టూ చెయ్యి వేసి, ఆయన్ను నెమ్మదిగా లోపలికి నడిపించుకొచ్చింది. ఆయన మనిషి సగమయ్యారు. తల మాత్రం మునుపటికంటె ఎక్కువ ఊగుతోంది. పడుకుంటే ఊపిరాడటం లేదట. గోడకు ఆనుకుని కూర్చునే నిద్రపోతున్నారట. పాదాలు వాచాయి.

నేను ఏమీ అడగకముందే ఆయన చేతులు గుండీల మీదికి వెళ్ళాయి. ఈసారి విప్పడానికే. వేళ్ళు సరిగా ఆడక రెండో గుండీ దగ్గర ఆగిపోతే, రాజ్యం వంగి మిగతావి విప్పింది.

అరచెయ్యి ఆనించాను. గుండె కొన ఉండవలసిన చోట లేదు. ఎంతో కిందికీ పక్కకీ జరిగి, చంక దగ్గర నా చేతిని ఎత్తెత్తి వేస్తోంది. అయోర్టా అనే పెద్ద ధమని మొదట్లో ఉండే తలుపు ఆయనది. గుండె బయటికి తోసిన రక్తంలో పెద్ద భాగం మళ్ళీ లోపలికే పడుతోంది. చప్పుడు? చెవి పెట్టి ఊపిరి బిగబట్టించి వింటే, రొమ్ము ఎముక పక్కన ఒక సన్నని నిట్టూర్పు లాంటిది. రాజ్యం గుండెలో మోగిన కొలిమితిత్తి ముందు అదెంత? ఓణీ మీదినుంచి వినే డాక్టరుకు అసలు వినిపించనే వినిపించదు. ఎడమ వైపు గుండె అలసిపోతే ఆ భారం కుడి వైపు మీద పడుతుంది. అక్కడి తలుపు కూడా సాగి కారడం మొదలవుతుంది. మెడ సిరలు ఉబ్బి, కాలేయం పెరిగి, కాళ్ళు వాస్తాయి. ఆయనలో అదీ మొదలయింది.

ఈ రకం లీకు స్వభావం ఇది: చాలా ఏళ్ళు మనిషిని బలశాలిలా తిప్పుతుంది. ఒకసారి ఆయాసం మొదలయిందంటే మిగిలిన దారి పొట్టిది. ఇరుకు కవాటాన్ని పెద్ద ఊళ్ళలో ఆపరేషను చేసి వెడల్పు చేస్తున్నారని అప్పటికే వింటున్నాం. కారే కవాటానికి మా రోగులకు అందుబాటులో ఏ ఆపరేషనూ లేదు. గుండెకు బలమిచ్చే డిజిటాలిస్ ఇచ్చాను. నీరు లాగే సూదులు, తరువాత కొత్తగా వచ్చిన మాత్రలు ఇచ్చాను. వాపు తీసింది, కొన్ని నిద్రలు దక్కాయి.

"అమ్మగారూ, ఆనాడే చొక్కా విప్పుంటే?" అని అడిగారు.

నేను రోగులకు అబద్ధం చెప్పను. "చిల్లు మూయగలిగేదాన్ని కాదండీ. బస్తాలు దింపించేదాన్ని. ఇంకో నాలుగు కాలాలు తేలిగ్గా నడిచేవారు."

"బస్తాలు దించేవాణ్ణేమో. పిల్లని దించిందీ మీరు చెప్పబట్టే గదండీ."

ఆ తరువాత రెండో మిరపకోత ఆయన చూడలేదు. చిల్లకల్లులో రాజ్యం ఇంట్లో, దిండ్లకు ఆనుకుని కూర్చుని పోయారు. ఆయన మొదటి బొమ్మలో చుక్క లేదు, గీత లేదు, "చూడనివ్వలేదు" అని ఒక మాట ఉంది. జగ్గయ్యపేటలో ఆ సాయంత్రం గీసిన రెండో బొమ్మలో చుక్క నిలువు గీత అవతల ఉంది. పెద్ద డాక్టరుగారికి ఆ రెండూ చూపించాలని ఎంతో అనుకున్నాను. అప్పటికి ఆయనా లేరు.

నాకు తరచుగా గుర్తొచ్చేది మాత్రం ఆ సాయంత్రం వాళ్ళు వెళ్ళిపోయిన తీరు. నా ఆసుపత్రి ముందు నాలుగు మెట్లుండేవి, ఎత్తయినవి. పైమెట్టు మీద పిచ్చయ్యగారు ఆగిపోయారు. రాజ్యం ముందు ఒక మెట్టు దిగి, వెనక్కి తిరిగి భుజం అందించింది. ఆయన చెయ్యి వెనక్కి తీసుకున్నారు.

"వద్దే. నీ మీద బరువెయ్యకూడదు. నీకు గుండె జబ్బు."

"ఉంది మామయ్యా," అంది రాజ్యం. "దాని పేరు కూడా నాకు తెలుసు. భుజం పట్టుకో."

పట్టుకున్నారు.